ప్రణాళికాప్రభావ నిర్ణయము: కృష్ణా పశ్చిమ డెల్టా గ్రామములు

నిర్వచనము, పరిధి

నదీపరీవాహమును గాని, జిల్లాను గాని, కొన్ని తాలూకాల సముదాయమును గాని ఒక్క ఆర్థికక్షేత్రముగా భావించి, దాని ఉత్పత్తిని పెంపొందించు సంకల్పముతో ప్రభుత్వము చేపట్టు ఆనకట్టలు, కాలువలు, రహదారులు, రేవులు, పారిశ్రామికవాడలు, నగరనిర్మాణములు మున్నగువాని సమాహారమునకు ప్రాంతీయ ఆర్థికాభివృద్ధి ప్రణాళిక యని పేరు. అట్టి ప్రణాళిక వలన ఆ క్షేత్రములోని పల్లెలలో భూవసతి, నీటిపంపకము, కూలిరేటు, కౌలు, ఋణభారము, వలస, ఆహారము, కులసంబంధములు ఎట్లు మారినవో, లేక మారగలవో పరిశీలించి, ఆ మార్పులలో ఎంతభాగము ప్రణాళికకు చెందునో, ఎంతభాగము ధరలు, వానలు, విత్తనములు, తుపానులు మున్నగు ఇతర కారణములకు చెందునో వేరుపరచు పరిశీలనము ప్రభావ నిర్ణయము.

ఇది మూడు దశలలో జరుగును. పని ఆరంభింపకముందు చేయునది ముందస్తు అంచనా. పని నడచుచుండగా చేయునది పర్యవేక్షణము. పని ముగిసి కొంతకాలము గడచిన పిదప చేయునది మూల్యాంకనము. వాడుకలో ఈ మూడింటిని కలిపి ‘సర్వే’ అనుట పరిపాటి. గ్రామస్థులకు సర్వే యనగానే గొలుసు, హద్దురాయి, భూసేకరణ నోటీసు జ్ఞప్తికి వచ్చుటచే, విచారణకై వచ్చినవారికి నిక్కమైన జవాబులు దొరకుట అంత సులభము కాదు.

జిల్లా స్థూలోత్పత్తి, తలసరి ఆదాయము వంటి సగటులు ప్రణాళిక యొక్క మొత్తపు ఫలితమును చూపవచ్చును గాని గ్రామమునందలి ఫలితమును చూపజాలవు. ఒకే ఊరిలో పట్నమున కాపురముండు భూమి సొంతదారు, స్వయముగా దున్నుకొను చిన్నరైతు, కౌలుదారు, వ్యవసాయ కూలి, చేతిపనివాడు, పాడిగేదె ఒక్కటే ఆధారముగా గల స్త్రీ కలిసి యుందురు. ఒకే కాలువ వీరిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఫలితము నిచ్చును. ఎకరము ధర పెరుగుట సొంతదారునకు కలిమి. కౌలుదారునకు అదియే మరుసటియేటి కౌలులో అదనపు బస్తాలుగా వచ్చి పడును. కావున నిర్ణయమునకు మూలప్రమాణము గ్రామము కాదు, గ్రామమునందలి కుటుంబము.

పరిశీలనా క్షేత్రము: చేబ్రోలు, తెనాలి, బాపట్ల, రేపల్లె

గుంటూరునుండి పొన్నూరు మీదుగా బాపట్లకు పోవు బాటలో, పడమటి మెట్టభూములును తూర్పు మాగాణములును కలిసికొను అంచున చేబ్రోలు ఉన్నది. మెట్టవైపు ప్రత్తి, మిరప, అపరాలు. మాగాణివైపు వరియు, వరికోత పిదప మినుము, మొక్కజొన్న. తూర్పున తెనాలి బియ్యపుమిల్లులతోడను వర్తకముతోడను పెరిగిన పట్టణము. ఆగ్నేయమున రేపల్లె కృష్ణానది చివరి పాయకును సముద్రమునకును దగ్గరిది. దక్షిణమున బాపట్ల తీరపు ఇసుక నేలల ముఖద్వారము. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పునర్విభజింపబడినపుడు చేబ్రోలు, తెనాలి గుంటూరు జిల్లాలో నిలువగా, బాపట్ల, రేపల్లెలు కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినవి. పూర్వపు గుంటూరు జిల్లా గణాంకములను నేటి జిల్లాల గణాంకములతో నేరుగా పోల్చరాకపోవుట ఇందువలన కలిగిన చిక్కు.

మెట్ట, మాగాణి, లంక, తీరము అను నాలుగు తీరుల నేలలు కొద్దిదూరములోనే కానవచ్చుటచే, ఒకే ప్రణాళిక నాలుగు విధములుగా ఫలించుటను పరిశీలించుటకు ఈ ప్రదేశము మిక్కిలి అనుకూలము. చేబ్రోలు చరిత్రకారులకు చిరపరిచితమైన ఊరు. సాతవాహన విజయుని కాలపు సంస్కృత శాసనము, 13వ శతాబ్ది ఆరంభమున కాకతీయ గణపతిదేవుని సేనాని జాయప వేయించిన శాసనములు, వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ దేవాలయము ఇక్కడ కలవు. దానశాసనములందు దానము పొందినవారి పేర్లు, భూమి కొలతలు, ఎల్లలు నమోదైనవి. ఆ భూమిని దున్నుచుండినవారి సంగతి వానియందు అరుదు. తరువాతి కాలపు ప్రభుత్వ లెక్కలలోను ఈ లక్షణము చాలవరకు కొనసాగినది.

చరిత్ర: ఆనకట్టయు శిస్తు లెక్కయు

(చూ. కృష్ణా ఆనకట్ట, నీటితీరువ, డొక్కల కరువు)

1832–33లో గుంటూరు మండలమును పాడుచేసిన డొక్కల కరువులో, అయిదు లక్షల జనములో సుమారు రెండు లక్షలమంది నశించిరని నాటి అంచనా. ఆ స్మృతియు, గోదావరిపై ఆర్థర్ కాటన్ సాధించిన ఫలితమును ప్రేరకములు కాగా, బెజవాడ వద్ద ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ కెప్టెన్ ఛార్లెస్ ఆర్ పర్యవేక్షణమున 1852లో ఆరంభింపబడిన ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనది. పశ్చిమపు కాలువల నుండి నీరు తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములకు పారెను. దుగ్గిరాల వద్ద చీలిన కొమ్మమూరు కాలువ పెదగంజాము వద్ద బకింగ్‌హాం కాలువను కలియుటచే సేద్యముతోపాటు పడవప్రయాణమును ఏర్పడినది. నేడు పశ్చిమ డెల్టా ఆయకట్టు సుమారు 5.7 లక్షల ఎకరములు.

ఈ నిర్మాణము ఫలితమును తొలుత లెక్కించినవారు రెవెన్యూ అధికారులు, ఇంజనీర్లు. పెట్టిన మూలధనముపై భూమిశిస్తు, నీటితీరువల రూపమున ఏటేటా ఎంత వడ్డీ గిట్టుబాటగుచున్నదను ప్రశ్నయే వారి ప్రధాన ప్రమాణమై, గిట్టుబాటైన నిర్మాణములు లాభదాయకములనియు, కానివి రక్షణార్థములనియు వర్గీకరింపబడుచుండెను. ఈ ప్రమాణమునకు కృష్ణా డెల్టా ఘనవిజయము. ఎకరముల విస్తీర్ణము, వసూలైన పైకము తప్పక నమోదగుచుండెను. కూలివాని దినవేతనమునకును, కౌలుదారుని మిగులునకును ఆ పద్దులలో స్థానము లేకుండెను.

పారుదలకు ఇచ్చినంత శ్రద్ధ మురుగుకు ఇవ్వకపోవుట ఆ లెక్కలోనే దాగిన లోపము. పొలములకు నీరు వచ్చెనుగాని పోవు దారి చాలకుండుటచే, వానాకాలమున పల్లపు ఊళ్లు మునుగుట అలవాటైనది. శతాబ్దము దాటిన పిదప మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగునీటి సమస్యను విచారించి సూచనలు చేయగా, 1968లో డెల్టా ప్రాంతపు మురుగుపారుదల సెస్సు చట్టము వచ్చెను. నల్లమడ, రేపల్లె మురుగుకాలువల పరిసరముల రైతులకు నేటికిని వరదనీరు తీయుట సాగునీరు వచ్చుటతో సమానమైన చింత. అనగా ఆనకట్ట ప్రభావములో ఒక ముఖ్యభాగము ప్రభుత్వపు దృష్టికి వచ్చుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

1952లో పాత ఆనకట్టకు గండి పడగా దాని స్థానమున నిర్మింపబడిన ప్రకాశం బ్యారేజి 1957లో ప్రారంభమైనది. అంతకుముందే, 1916లో గుంటూరు, తెనాలి, రేపల్లెలను కలుపు రైలుమార్గము వచ్చుటతో తెనాలి ధాన్యవర్తకము పెరిగి, కాలువపడవల ప్రాముఖ్యము క్రమముగా తగ్గినది.

ప్రజలు స్వయముగా చేసిన నిర్ణయము: చీరాల, పేరాల

(చూ. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య)

బాపట్లకు సమీపమునందలి చీరాల, పేరాల మున్నగు గ్రామములను కలిపి 1919 ప్రాంతమున పురపాలక సంఘముగా మార్చుట, నాటి ప్రభుత్వ దృష్టిలో పారిశుద్ధ్యమును వసతులును పెంచు సంస్కరణము. నేతపనివారు, చిన్నరైతులు ఎక్కువగా నున్న ఆ ఊళ్లకు అది దాదాపు పదిరెట్ల పన్నుగా పరిణమించెను. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున జనులు ఇండ్లు విడిచి పొలిమేర వెలుపల రామనగరమను పాకలపేట నిర్మించుకొని సుమారు పదునొకండు నెలలు నివసించిరి. జాతీయోద్యమ చరిత్రలో ఈ ఘట్టమునకు గల స్థానము ప్రసిద్ధమే. ప్రణాళికాశాస్త్ర దృష్టితో దీనిని చదివినవారు తక్కువ. వసతి విలువకును దాని మూల్యమును భరించు శక్తికిని నడుమనున్న దూరమును కొలుచుటకు అధికారులు ముందుగా ఏ విచారణమును జరుపకుండుటచే, ఆ కొలతను ప్రజలే ఊరు విడుచుట ద్వారా ప్రకటించిరి. మరుసటి సంవత్సరపు పెదనందిపాడు పన్నుల నిరాకరణమును, 1920ల చివర కృష్ణా, గోదావరి మండలములలో శిస్తు పునర్నిర్ణయమునకు వ్యతిరేకముగా లేచిన రైతాందోళనమును ఇదే పరంపరలోనివి.

గ్రామసర్వేల పరంపర

మద్రాసు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రాచార్యుడైన గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థులచేత చేయించిన దక్షిణభారత గ్రామపరిశీలనములు 1918లో వెలువడినవి. వానిలో కొన్ని ఊళ్లను రెండు దశాబ్దముల తరువాత పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ తిరిగి పరిశీలింపజేసిరి. ఒకసారి చూచిన ఊరిని మరల చూచుట యను పద్ధతికి దక్షిణదేశమున ఇది తొలి గట్టి పునాది. పొన్నూరు ప్రక్కనున్న నిడుబ్రోలులో జన్మించిన ఎన్.జి. రంగా, డెల్టా గ్రామముల ఆర్థిక వ్యవస్థపై 1926లో బెజవాడనుండి ప్రకటించిన గ్రంథము ఈ ప్రాంతమునకు సంబంధించిన మొదటి విపుల పరిశీలనలలో ఒకటి. స్వాతంత్ర్యానంతరము 1961 జనాభా లెక్కలతోపాటు ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికచేసిన గ్రామములపై ప్రత్యేక సర్వే పుస్తకములు వెలువడినవి.

1952 అక్టోబరు 2న ఆరంభమైన సమాజ వికాస పథకము, 1959లో రాష్ట్రమున వచ్చిన పంచాయతీ సమితులు మూల్యాంకనమును పరిపాలనలో భాగము చేసినవి. గ్రామీణాభివృద్ధి పరిశోధనకై హైదరాబాదున నెలకొన్న జాతీయ సంస్థయు ఈ కాలపు ఫలమే. సమితుల నివేదికలలో త్రవ్విన బావులు, పంచిన ఎరువు, వేసిన బాటలు ఎన్నియో లెక్క తేలెడిది. ఆ బావి ఎవరి పొలములో త్రవ్విరో, ఆ బాట ఏ పేట వరకు పోయి ఆగెనో తెలియుట కష్టముగా నుండెడిది.

అనంతవరము

(చూ. కౌలు, పుచ్చలపల్లి సుందరయ్య)

కొల్లూరు మండలములోని అనంతవరము, ప్రభావ నిర్ణయ చరిత్రలో ప్రత్యేకముగా పేర్కొనదగిన గ్రామము. 1974లో పుచ్చలపల్లి సుందరయ్య ఆధ్వర్యమున ఇచ్చట కుటుంబముల వారీగా భూమి, కూలి, కౌలు, ఆస్తి వివరములు సేకరింపబడి, 1977లో రైతాంగ వర్గవిభజనపై ఆయన ప్రకటించిన వ్యాసమునకు ఆధారమైనవి. ఆ ఊరినే 2006లో మరల వ్యవసాయార్థిక పరిశోధకులు పరిశీలించి 2010లో గ్రంథరూపమున ఫలితములు వెలువరించిరి. అనగా హరితవిప్లవపు తొలినాళ్లనాటి ఒక లెక్కయు, ఉదారీకరణానంతర కాలపు మరియొక లెక్కయు ఒకే ఊరికి ఉన్నవి. ఇట్టి భాగ్యము ఆంధ్రదేశమున చాల తక్కువ ఊళ్లకు కలిగినది.

ఆ రెండు లెక్కల నడుమ డెల్టా సేద్యము గుర్తింపరానంతగా మారెను. 1986లో బాపట్ల వరిపరిశోధనకేంద్రము నుండి విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, పశ్చిమ డెల్టాలోనేగాక దక్షిణదేశమంతట వ్యాపించినది. వరికోత పిదప దున్నకయే తడినేలలో మినుము చల్లుట, ఆ మీదట మొక్కజొన్న నాటుట సాధారణమైనవి. దిగుబడియు ఆదాయమును పెరిగినవి. దానితోపాటు సొంతదారులు పట్టణములకును విదేశములకును తరలి భూమిని కౌలుకిచ్చుట విస్తరించి, వరిపంటలో పెద్దభాగము బస్తాల లెక్కన కౌలుక్రింద పోవుట అనంతవరమున స్పష్టముగా కనబడినది. దళిత కుటుంబములలో అధికసంఖ్యాకులు భూమిలేనివారుగానే మిగిలిరి. నీరు, విత్తనము, రహదారి అన్నియు సమృద్ధిగా అందిన ఊరిలో భూమి చేతులు మారకపోవుట, ఆ ఫలితములలో మిక్కిలి ఆలోచింపదగిన అంశము.

ఆర్థికమైన ఎదుగుదల సామాజిక సంబంధములను మెరుగుపరచునను సామాన్యమైన ఊహకును ఈ ప్రాంతము ప్రతికూల సాక్ష్యము నిచ్చినది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల హత్యలకు రంగస్థలములైనపుడు, ఆ రెండును కాలువనీటి సిరి చేరిన గ్రామములే. జిల్లా ఆదాయ సూచికలయందు ఈ ఉద్రిక్తతకు జాడ లేదు.

పాడి

మెట్ట, మాగాణి భేదము లేక భూమిలేని కుటుంబమునకును అందినది పాడి. చేబ్రోలు మండలములోని వడ్లమూడిలో 1977లో ఏర్పడిన సంగం డెయిరీ, సహకార పద్ధతిలో ఊరూర పాలు సేకరించుచు పెరిగి 2013లో ఉత్పత్తిదారుల కంపెనీగా మారెను. గేదెను మేపుట, పాలు పిదుకుట స్త్రీల చేతిపని యగుటచే, ఇట్టి సంస్థల ప్రభావమును కొలుచుటకు కుటుంబ యజమానిని అడిగిన చాలదు. పాలడబ్బు ఇంట ఎవరి చేతికి వచ్చుచున్నదో వేరుగా విచారింపవలెను.

నిర్ణయ పద్ధతులు

పూర్వస్థితి నమోదు: ప్రణాళికకు ముందటి స్థితి తెలియనిదే మార్పును కొలుచుట సాధ్యము కాదు. అడంగలు, పట్టాదారు పుస్తకము, పశుగణన, ఓటర్ల జాబితా, బడి రిజిస్టరు మున్నగునవి దీనికి ఆధారములు. ఇవి పట్టాదారును చూపునుగాని సాగుదారును చూపుట అరుదు.

తులన: ముందు, తరువాత అను పోలికకంటె, ప్రణాళిక అందిన ఊరును అందని ఊరితో పోల్చుట మేలు, ఈ రెండింటిని కలిపి, అందిన ఊరిలోని మార్పునుండి అందని ఊరిలోని మార్పును తీసివేయుట ఇంకను మేలు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దీనికి తగిన దృష్టాంతము. దివిసీమతోపాటు రేపల్లె తీరమును ముంచిన ఆ ఉప్పెనకు పూర్వపు సంవత్సరమును, పిదపటి సంవత్సరమును మాత్రమే పోల్చినచో ఏ పథకమైనను ఘోరముగా విఫలమైనట్లు తేలును. అట్లే సాంబ మసూరి వచ్చిన తరువాతి దిగుబడినంతయు కాలువల ఆధునికీకరణకు జమకట్టినచో లేని ఘనత దానికి దక్కును. చేబ్రోలు వంటి అంచు గ్రామములలో ఒకే ఊరి మెట్టయు మాగాణియు పరస్పరము తులనకు ఉపకరించుట ఒక సౌకర్యము.

స్థానభేదము: కాలువ తలాపున నున్న పొలమునకును శివారు పొలమునకును ఒకే ప్రాజెక్టు ఒకే ఫలము నీయదు. పశ్చిమ డెల్టాలో నాట్లు ఆలస్యమైన కొలది పంట నవంబరు తుపానుల పాలగు ప్రమాదము హెచ్చును. కావున శివారు రైతు నష్టమును నీటి పరిమాణముతో కాక నీరు చేరిన తేదీతో కొలుచుట సమంజసము. 1997 చట్టముచే ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘముల ఉద్దేశములలో శివారు ఆయకట్టుకు న్యాయము చేయుట యొకటి.

జనభాగస్వామ్యము: ముగ్గుతో నేలపై ఊరిపటము గీయించి, బావులు, పేటలు, మురుగులు గ్రామస్థులచేతనే గుర్తింపజేయుట మున్నగు పద్ధతులు 1990ల నుండి వాడుకలోనున్నవి. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన ఉపాధిహామీ పథకముతో ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీని విస్తృతముగా అమలుపరచినది. మస్టరు రోలు గ్రామసభలో బిగ్గరగా చదువబడి, పనిచేసినవారును కూలి పొందినవారును ఒక్కరేనా యని అందరియెదుట విచారింపబడును.

చట్టబద్ధ స్థానము

(చూ. భూసేకరణ; గ్రామసభ)

2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన 2013 భూసేకరణ, పునరావాస చట్టము సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసినది. ఆరు నెలలలో అంచనా ముగింపవలెననియు, ప్రజాభిప్రాయ సేకరణ జరిపి నివేదికను స్థానికభాషలో ప్రకటింపవలెననియు, అనధికారులైన సమాజశాస్త్రజ్ఞులు, స్థానిక ప్రతినిధులు గల నిపుణసంఘము దానిని పరీక్షింపవలెననియు విధించినది. ప్రైవేటు కంపెనీలకై సేకరించునపుడు నూటికి 80 మంది, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైనచో 70 మంది బాధితకుటుంబముల సమ్మతి కావలెను. బహుళపంటల సాగునీటి భూమిని గత్యంతరము లేనపుడే తీసికొనవలెను. సేకరణకు పూర్వము మూడేండ్లుగా ఆ భూమిపై ఆధారపడిన కౌలుదారులు, కూలీలు సైతము బాధితకుటుంబములేనని నిర్వచించుట ఈ చట్టపు విశేషము. 1894 నాటి పాతచట్టములో ఇది లేదు.

తెలంగాణ 2016లోను, ఆంధ్రప్రదేశ్ 2018లోను చేసిన సవరణములు కొన్ని తరగతుల ప్రాజెక్టులకు ఈ అంచనానుండి మినహాయింపునకు అవకాశమిచ్చినవి. త్వరగా పని సాగవలెనను వాదమును, భూమి కోల్పోవువారి మాట వినవలెనను వాదమును ఇక్కడ ఎదురెదురుగా నిలిచియున్నవి. పర్యావరణ ప్రభావ అంచనా 1994, 2006 ప్రకటనల క్రింద వేరుగా నడచును.

రాజధాని ప్రాంతము

2014 డిసెంబరులో అమలులోనికి వచ్చిన ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ చట్టము క్రింద ప్రకటితమైన సుమారు 8,352 చదరపు కిలోమీటర్ల పరిధిలో తెనాలి, చేబ్రోలు మండలములును చేరినవి. రాజధాని నగరమునకై కృష్ణ దక్షిణపు గట్టున నున్న 29 గ్రామములలో భూసేకరణకు బదులు భూసమీకరణ పద్ధతి అవలంబింపబడి, 33 వేల ఎకరములకు పైగా భూమి రైతుల సమ్మతిపై తీసికొనబడినది. ఎకరము మెట్ట ఇచ్చినవారికి 1,000 చదరపు గజముల నివాసస్థలము, 250 గజముల వాణిజ్యస్థలము. జరీబు (నదీతీరపు సారవంతమైన సాగునీటి భూమి) ఇచ్చినవారికి 1,000 గజములును 450 గజములును. పదేండ్లపాటు ఏటా మెట్టకు 30,000 రూపాయలు, జరీబుకు 50,000 రూపాయలు మొదలుకొని పెరుగు కౌలు. భూమిలేని కుటుంబమునకు నెలకు 2,500 రూపాయల పింఛను. ఇవి నాటి ప్రధానమైన షరతులు.

సమీకరణ స్వచ్ఛందమగుటచే సామాజిక ప్రభావ అంచనా విధి దానికి వర్తింపదు. రైతు స్వయముగా ఒప్పుకొన్న చోట ప్రభుత్వము విచారింపవలసినదేమి యని సమర్థకులు వాదించిరి. సమ్మతించినది పట్టాదారేగాని ఆ పొలమున అరటి, కూరగాయలు పండించు కౌలుదారును, దినము విడిచి దినము కోతకు పోవు కూలియు కాదని విమర్శకులు చెప్పిరి. జరీబు కూరగాయల తోటలలో ఏడాది పొడుగున దొరకు పనిదినములకు నెలపింఛను సమానమా యను ప్రశ్న ఈ చర్చకు కేంద్రము. ఉండవల్లి, పెనుమాక, నిడమర్రు గ్రామములలో పలువురు రైతులు భూమినిచ్చుటకు నిరాకరించిరి. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ షరతులతో నిర్మాణమును అనుమతించినది. అదే సంవత్సరము ప్రపంచబ్యాంకు తనిఖీమండలికి కొందరు గ్రామస్థులు ఫిర్యాదు చేసిరి. 2019లో కేంద్రప్రభుత్వము రాజధానికై ఆ బ్యాంకుకు చేసిన ఋణాభ్యర్థనను ఉపసంహరించుకొనుటతో ఆ ప్రకరణము ముగిసినది.

2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చుట, 2020లో సంస్థ చట్టము రద్దగుట, 2021 నవంబరులో ఆ రద్దును వెనుకకు తీసికొనుట, 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు, 2024లో పనుల పునరారంభము అను పరిణామములు మూల్యాంకనకారులకు అరుదైన పాఠ్యవస్తువును సమకూర్చినవి. ప్రణాళిక జరుగుటవలని ఫలితము ఒకటి. భూమి ఇచ్చిన పిదప ప్రణాళిక నిలిచిపోవుటవలని ఫలితము వేరొకటి. సాగు ఆగినది, స్థలమునకు ధర పడిపోయినది, కూలిపని దొరకలేదు. మధ్యలో విరామము వచ్చినచో భారమెవరిదను ప్రశ్న ముందస్తు అంచనాల పట్టికలలో సాధారణముగా ఉండదు, ఉండవలెను.

తీరగ్రామములు

(చూ. నిజాంపట్నము, ఆక్వాసాగు)

2008లో ప్రతిపాదింపబడిన వాడరేవు, నిజాంపట్నము ఓడరేవుల పారిశ్రామిక నడవాకై గుంటూరు, ప్రకాశం జిల్లాల తీరగ్రామములలో వేల ఎకరములు సేకరింపబడి, పిదప పథకము నిలిచిపోయినది. అసైన్డు భూములు, పశువుల మేతబీళ్లు, ఉప్పునేలలు అధికముగా గల తీరమున విలువకట్టుట మరింత క్లిష్టము. పట్టాలేని బీడునకు రికార్డులో ధర స్వల్పము. మేత, వంటచెరకు, వలలు ఆరవేయు తావుగా దాని ఉపయోగము మాత్రము నిత్యము.

ప్రణాళిక లేకయే వచ్చిన మార్పు రొయ్యలసాగు. 1990లలో అది తీరమంతట వ్యాపింపగా, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరమండలమున దానిని కట్టడిచేయుచు తీర్పునిచ్చినది. 2005లో తీర జలజీవసాగు ప్రాధికారసంస్థ చట్టము వచ్చెను. చెరువు యజమాని ఆదాయముతోపాటు ప్రక్కపొలము ఉప్పెక్కుటను, త్రాగునీటి బావి చెడుటను ఒకే పద్దులో చూపిననే నిర్ణయము సమగ్రమగును.

ఎగువ మూల్యము, దిగువ లాభము

ప్రణాళిక ఫలము ఒకచోట, మూల్యము వేరొకచోట ఉండుట తరచు. జూన్ మాసముననే డెల్టాకు నీరందించుటకై నిర్మింపబడిన, 45.77 టి.ఎం.సి. సామర్థ్యముగల పులిచింతల ప్రాజెక్టు ఇందుకు నిదర్శనము. దానివలన తెనాలి, రేపల్లె రైతుకు నారుమడి వేళకు నీరందు అవకాశము కలుగగా, నాటి గుంటూరు, నల్లగొండ జిల్లాలలో జలాశయపు గట్టులనున్న గ్రామములు మునిగినవి. 2015–16 నుండి గోదావరి నీటిని కృష్ణకు చేర్చుచున్న పట్టిసీమ ఎత్తిపోతల విషయమునను నిర్ణయపు హద్దును ఒక్క జిల్లాకు పరిమితము చేసిన లెక్క సగమే తేలును. ఆయకట్టు పొందిన ఊరును, మునిగిన ఊరును ఒకే పట్టికలో చేర్చవలెనని సిద్ధాంతము. ఆ రెండింటి నివేదికలు వేర్వేరు శాఖలవి యగుటచే ఆచరణలో అవి కలియుట అరుదు.

సాగుదారుని నమోదు

పైన చెప్పిన పద్ధతులన్నింటికి అడ్డువచ్చు ఆచరణాత్మకమైన చిక్కు డెల్టాలో ఒక్కటే: పొలము దున్నుచున్నదెవరను ప్రశ్నకు రికార్డులో జవాబు లేకుండుట. కౌలు ఒప్పందములు ఎక్కువగా నోటిమాటపైననే సాగుచుండుటచే పంటఋణము, బీమా, నష్టపరిహారము పట్టాదారు ఖాతాకే పోవుట సాధారణము. 1956 కౌలుదారీ చట్టము కాగితముపై రక్షణ నిచ్చినను, హక్కు పోవునను భయముచే సొంతదారులు వ్రాతకు ఒడంబడరైరి. 2011 చట్టము ఋణార్హత కార్డులను ప్రవేశపెట్టినది. దాని స్థానమున వచ్చిన 2019 చట్టము సాగుదారు హక్కుపత్రమును ఏర్పాటు చేసినది గాని, అది సొంతదారు అంగీకారముపై ఆధారపడియున్నది. అంగీకారము దొరకని కౌలుదారు ఆ జాబితాలోనికి రాడు. జాబితాలోనికి రానివాడు పూర్వస్థితి నమోదులోను ఉండడు. అందుచే ఈ ప్రాంతమున గ్రామవిచారణ జరుపు అనుభవజ్ఞులు అడంగలు నకలును తీసికొనిన పిదప, నాట్ల వేళనో కోతల వేళనో పొలముగట్టుపై నిలిచి, ఈ చేను ఈ యేడు ఎవరిది, ఎకరానికి ఎన్ని బస్తాలు అని అడిగి, రెండవ జాబితా నొకదానిని చేతితో వ్రాసికొందురు.